జనాన్ని అడిగే ముందు చేయాల్సిన పని

సంపాదకులకు నమస్కారం.

రాజ్యాంగ సవరణ మీద పార్టీలకు పేచీ వచ్చినప్పుడల్లా "ఇంత రభస ఎందుకు, జనాన్నే అడిగేస్తే పోలా" అనే మాట వినబడుతుంది. రాజ్యాంగం ప్రజలది, చివరి మాట వాళ్లదే కావాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ పార్లమెంటులో తెగని పంచాయితీని రిఫరెండం, అంటే ఒక ప్రశ్న మీద జనమంతా వేసే ఓటు, తెంచిపెడుతుందని నమ్ముకుంటే ఆ సంస్కరణకు మొదట్లోనే దెబ్బ తగులుతుంది. ముసాయిదా రాసే గదిలో, ప్రతిపక్షంతో కూర్చునే బల్ల దగ్గర జరగాల్సిన పని జరగకపోతే, ఆ తర్వాత ఎంత ప్రచారం చేసినా పూడ్చుకోలేరు. ఆ పని ఏమిటో, అది జరగనిచోట ఏమైందో చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడవైంది, మన్నించాలి.

ముందుగా ఆస్ట్రేలియా. 1901 నుంచి అక్కడ 45 ప్రతిపాదనలు ఓటుకు వెళ్తే నెగ్గినవి 8. చివరి గెలుపు 1977లో. అక్కడి రాజ్యాంగం 128వ సెక్షన్ ప్రకారం సవరణ బిల్లుకు సభలో హాజరైనవారిలో సగం చాలదు, మొత్తం సభ్యుల్లో సగానికి మించి కావాలి. బిల్లు నెగ్గాక రెండు నెలలకు ముందు కాకుండా, ఆరు నెలలు దాటకుండా ఓటింగ్ పెట్టాలి. ఆ ఓటింగ్‌లో దేశం మొత్తం మీద మెజారిటీ రావాలి, అది కాక ఆరు రాష్ట్రాల్లో కనీసం నాలుగింటిలో విడివిడిగానూ రావాలి. 1977లో ఉభయ సభలకు ఒకేసారి ఎన్నికలు జరపాలన్న ప్రతిపాదనకు దేశంలో 62 శాతం మంది సరేనన్నారు. రాష్ట్రాలు మాత్రం మూడే కలిసొచ్చాయి. పోయింది. ఇలా జనం లెక్కలో గెలిచి రాష్ట్రాల లెక్కలో ఓడిపోయినవి ఐదున్నాయి.

నాలుగు రాష్ట్రాల షరతు ఉన్నచోట ప్రధాన ప్రతిపక్షం కాదంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పెద్ద పార్టీల్లో ఒకటి ఎదురు తిరిగిన ప్రతిపాదన అక్కడ ఒక్కటీ గట్టెక్కలేదు. 1967లో ఆదివాసీల విషయంలో తెచ్చిన సవరణకు దాదాపు 91 శాతం ఓట్లు పడ్డాయి. పార్లమెంటులో ఒక్కరు కూడా దాన్ని వ్యతిరేకించలేదు కాబట్టి, ఓటర్లకు పంపిన పుస్తకంలో దానికి 'వద్దు' వాదనే అచ్చు కాలేదు. అదే ఆదివాసీలకు పార్లమెంటు దగ్గర ఒక సలహా మండలి ఉండాలన్న 2023 ప్రతిపాదన సంగతి చూడండి. 2022 నవంబరులో నేషనల్స్ పార్టీ, 2023 ఏప్రిల్‌లో లిబరల్ పార్టీ 'వద్దు' వైపు వెళ్లిపోయాయి. బిల్లు పార్లమెంటులో గట్టెక్కింది జూన్‌లో. అంటే ప్రతిపక్షం తెగేసి చెప్పాక కూడా ఆగి మళ్లీ మాట్లాడుకోవడానికి రెండు నెలలు చేతిలో ఉన్నాయి. ఆగితే ఆదివాసీలకు ఇచ్చిన మాట తప్పినట్టవుతుందన్న ఒత్తిడి ప్రభుత్వం మీద ఉంది, అది చిన్న ఒత్తిడేమీ కాదు. అయినా ఆగవలసిందనే నేనంటాను. అక్టోబరు 14న 60 శాతం 'వద్దు' పడింది, ఆరు రాష్ట్రాల్లోనూ ఓడిపోయింది.

మొదట్లో సర్వేల్లో మంచి మెజారిటీ కనబడి, పోలింగ్ నాటికి అది కరిగిపోవడం దేశదేశాల్లో జరిగేదే. దానికి కారణం ఓటర్ల చపలత్వం అంటే ఒప్పుకోను. 'అవును' అనేవాళ్లంతా ఒక్క వాక్యం దగ్గర కలవాలి. 'వద్దు' అనేవాళ్లు ఏ కారణం దగ్గరా కలవనక్కర్లేదు. కెనడా రాజ్యాంగాన్ని మార్చడానికి ప్రభుత్వాల మధ్య కుదిరిన 1992 షార్లెట్‌టౌన్ ఒప్పందం ఇలాగే పోయింది. ఫ్రెంచి మాట్లాడే రాష్ట్రమైన క్యుబెక్‌లో అది తమకు చాలదని కాదన్నారు, పశ్చిమ రాష్ట్రాల్లో క్యుబెక్‌కు మరీ ఎక్కువ ఇచ్చేశారని కాదన్నారు. రెండూ ఒకే పెట్టెలో పడ్డాయి. బ్యాలెట్ పత్రం మీద 'ఎందుకు వద్దు' అని రాసే గడి ఉండదు కదా.

పార్టీలన్నీ ఏకమైతే చాలా అంటే, అదీ చాలదు. ఐర్లాండ్‌లో రాజ్యాంగంలోని ఏ అక్షరం మార్చాలన్నా రిఫరెండం తప్పదు. పడిన ఓట్లలో సగానికి మించితే చాలు, ఇంత మంది ఓటేయాలన్న షరతు లేదు. 2024 మార్చి 8న రెండు ప్రశ్నలు పెట్టారు. పాలకపక్షాలూ ప్రధాన ప్రతిపక్షమూ అన్నీ 'అవును' అనే చెప్పాయి. కుటుంబం నిర్వచనం మీద ప్రశ్న 67.7 శాతం 'వద్దు'తో, ఇంట్లో సంరక్షణ మీద ప్రశ్న 73.9 శాతం 'వద్దు'తో ఓడిపోయాయి. అక్కడి రిఫరెండాల చరిత్రలో అంత పెద్ద 'వద్దు' అంతకుముందు లేదు.

ఆ రెండో ప్రశ్నలో ఒకే ఒక్క క్రియాపదం దగ్గర ఆగి చూడాలి. 1937 రాజ్యాంగంలో ఇంట్లో స్త్రీ చేసే పని గురించి పాతకాలపు వాక్యం ఒకటుంది. దాన్ని తీసేసి సంరక్షణ బాధ్యతను గుర్తించే వాక్యం పెట్టాలన్నది ఉద్దేశం. లాటరీ పద్ధతిలో ఎంపికైన సామాన్య పౌరుల సభ దీన్ని చర్చించి, సంరక్షణకు తోడ్పడేలా రాజ్యం 'తగిన చర్యలు తీసుకోవాలి' అని సిఫారసు చేసింది. ప్రభుత్వం బిల్లు రాసేటప్పుడు అది 'తోడ్పడటానికి పాటుపడుతుంది' అయింది. చర్యలు తీసుకోకపోతే కోర్టుకు వెళ్లి నిలదీయొచ్చు. పాటుపడలేదని ఎవరు ఎలా రుజువు చేస్తారు? వైకల్యం ఉన్నవాళ్లు, ఇంట్లో మంచాన పడ్డవాళ్లను చూసుకునేవాళ్లు ఈ తేడా పట్టుకున్నారు. ఎవరికోసం సవరణ తెచ్చారో వాళ్లలోనే చాలామంది ఎదురు తిరిగారు. మొదటి ప్రశ్నలోనూ ఇదే తంతు. 'దీర్ఘకాలం నిలిచే బంధాలు' కూడా కుటుంబమే అన్నారు, ఎంతకాలం నిలిస్తే దీర్ఘకాలమో చెప్పలేదు. వారసత్వం, పన్నులు, వలస వచ్చినవారి కుటుంబాలు అంటూ ఒక్కో ప్రశ్న వస్తుంటే 'అది కోర్టులు తేలుస్తాయి' అన్న జవాబే మిగిలింది. కోర్టులు తేలుస్తాయి అని వినగానే ఓటరు 'అయితే ఇప్పటికి వద్దులే' అనుకోవడంలో తప్పేముంది?

అదే ఐర్లాండ్‌లో 2018లో గర్భస్రావం మీద రిఫరెండం 66.4 శాతంతో నెగ్గింది. అంతకన్నా సున్నితమైన విషయం అక్కడ మరొకటి లేదు. అప్పుడు రాజ్యాంగంలో పెట్టింది ఒకే వాక్యం: గర్భస్రావాన్ని క్రమబద్ధం చేసేందుకు చట్టం చేయవచ్చు, అంతే. ఆ చట్టం ఎలా ఉండబోతుందో, ఎన్ని వారాల వరకు దేనికి అనుమతో, ఆ రూపురేఖలను ప్రభుత్వం ఓటింగ్‌కు ముందే బయటపెట్టింది. రాజ్యాంగంలో చిన్న వాక్యం, పక్కనే చట్టం ముసాయిదా: ఈ జోడీ ఉంటే 'తర్వాత ఏం చేస్తారో' అనే భయానికి చోటు తగ్గుతుంది. రెండోది లేకుండా మొదటిది ఒక్కటే పెడితే 'వివరాలు తర్వాత చెబుతాం' అన్నట్టవుతుంది. 2023లో ఆస్ట్రేలియాలో వ్యతిరేకులు ఎత్తుకున్న నినాదం సరిగ్గా దీనిమీదే: తెలియకపోతే వద్దని వేయండి.

బ్యాలెట్ పత్రం విషయానికొస్తే, చాలామంది ఓటర్లకు అక్కడ సవరణ పాఠమే కనబడదు. ఆస్ట్రేలియాలో బిల్లు పూర్తి పేరు వేసి, ఈ మార్పు మీకు సమ్మతమేనా అని అడుగుతారు. ఐర్లాండ్‌లో కూడా బిల్లు పేరు మాత్రమే వేసి, సమ్మతమేనా అని అడుగుతారు. ఆస్ట్రేలియాలో గడిలో అవును అనో కాదు అనో ఇంగ్లిషులో అక్షరాలతో రాయాలి. టిక్కు పెడితే 'అవును' కింద లెక్కిస్తారు, ఇంటూ గుర్తు పెడితే ఓటు చెల్లదు. ఎందుకంటే ఇంటూకు కొన్ని ఫారాల్లో 'కాదు' అని, కొన్నింట్లో 'ఇదే నా ఎంపిక' అని అర్థం. ఈ నియమం ఎప్పటినుంచో ఉన్నదే. అయినా 2023లో ఇది ఒక పక్షానికి మేలు చేస్తుందంటూ కోర్టుదాకా వెళ్లారు, కోర్టు కొట్టేసింది. పాత నియమం కాబట్టి నిలబడింది. ఆ ఏడాదే రాసిన నియమమైతే అనుమానం పోయేది కాదు. రిఫరెండం చట్టం, లెక్కింపు సూచనలు, ఖర్చుల పరిమితి ఏ సవరణా కళ్ల ముందు లేని రోజుల్లోనే రాసిపెట్టుకోవాలి. జపాన్ రాజ్యాంగం 1947లో అమల్లోకి వచ్చింది, దాని సవరణకు రిఫరెండం తప్పనిసరి. ఆ రిఫరెండం ఎలా జరపాలో చెప్పే చట్టం మాత్రం 2007లో గానీ రాలేదు. ఒక్క సవరణ కూడా ఇంతవరకు ఓటర్ల దాకా వెళ్లలేదు.

ప్రశ్న రాయడంలోనూ ఒక పద్ధతి ఉంది. స్కాట్లాండ్ స్వాతంత్ర్యం మీద 2014 ఓటింగ్‌కు మొదట ప్రతిపాదించిన ప్రశ్న 'స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలని మీరు అంగీకరిస్తారా' అని ఉండేది. ఎన్నికల కమిషన్ దాన్ని మామూలు ఓటర్ల మధ్య పరీక్షించి, 'అంగీకరిస్తారా' అన్న మాట ఓటరును అవుననే వైపు లాగుతోందని తేల్చి, 'స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా' అని మార్పించింది. సవరణ వాక్యాలకు కూడా ఇలాంటి పరీక్ష పెట్టాలి. న్యాయవాదులు కాని ఓ ముప్పై మందికి ముసాయిదా ఇచ్చి, 'దీనివల్ల ఏం మారుతుంది' అని వాళ్ల మాటల్లో చెప్పించుకోవాలి. రెండు రకాల జవాబులు వచ్చాయంటే ఆ వాక్యాన్ని వెనక్కి పంపాలి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. అయినా చాలా ప్రభుత్వాలు ఈ మెట్టు దాటేసి వెళ్తాయి, నాకెప్పుడూ అర్థం కాని సంగతి ఇది.

ఇక మూటగట్టి అడగడం. 2016 డిసెంబరు 4న ఇటలీలో ఒకే ప్రశ్న కింద 47 అధికరణలు మార్చబోయారు. సెనేట్‌ను 315 మంది నుంచి 100కు తగ్గించడం, దాని అధికారాలు కోయడం, ప్రాంతాలకూ కేంద్రానికీ మధ్య అధికారాల పంపకం తిరగరాయడం, ఒక ఆర్థిక సలహా మండలిని ఎత్తేయడం అన్నీ అందులోనే. బ్యాలెట్ మీద చట్టం పేరే ప్రశ్న అయింది. ఆ పేరులో సభ్యుల సంఖ్య తగ్గింపు, ఖర్చు తగ్గింపు లాంటి నచ్చే మాటలు ముందు కనబడుతున్నాయని వ్యతిరేకులు మండిపడ్డారు. దానికి తోడు ఓడితే రాజీనామా చేస్తానని ప్రధాని రెంజీ ప్రకటించేశారు. దాంతో సెనేట్ గురించిన ప్రశ్న రెంజీ ఉండాలా పోవాలా అన్న ప్రశ్నగా మారింది. 59 శాతం 'వద్దు', రాజీనామా. ఫ్రాన్స్‌లో 1969లో డిగాల్ కూడా సెనేట్, ప్రాంతాల సంస్కరణకు తన పదవిని ముడిపెట్టి, 52 శాతం 'వద్దు' రావడంతో మర్నాడే దిగిపోయారు. నాయకుడు తన కుర్చీని పణంగా పెడితే అతన్ని ఇష్టపడనివాళ్లందరూ, సవరణ నచ్చినవాళ్లు సైతం, అటు చేరిపోతారు. అదే ఇటలీ 2020లో ఒక్క విషయమే అడిగింది: దిగువ సభ 630 నుంచి 400కు, సెనేట్ 315 నుంచి 200కు. దాదాపు 70 శాతం సరేనన్నారు. దిగువ సభలో చివరి ఓటింగ్‌లో పార్టీలు దాదాపు ఏకగ్రీవంగా ఒప్పుకోవడం కూడా అక్కడ పనిచేసింది.

అలాగని ముక్కలు చేయడం ప్రతిసారీ కుదరదు. ఎగువ సభను రద్దు చేయడం ఒక ప్రశ్న, దాని అధికారాలను మరొకరికి అప్పగించడం ఇంకో ప్రశ్న అయితే, మొదటిది నెగ్గి రెండోది ఓడితే ఆ అధికారాలు గాల్లో వేలాడతాయి. కాబట్టి ఒకదాని మీద ఒకటి ఆధారపడినవి ఒక ప్రశ్నలో, ఆధారపడనివి వేరు ప్రశ్నల్లో ఉండాలి. స్విట్జర్లాండ్‌లో ఒక ప్రతిపాదనలో ఒకే విషయం ఉండాలన్నది రాజ్యాంగ నియమమే. ఈ విడదీత రాజకీయంగా కష్టం, ఎందుకంటే మూటలో ఒక్కో అంశం ఒక్కో పార్టీకి ఇచ్చిన తాయిలం. మూట విప్పితే పార్లమెంటులో ఓట్లు పోతాయి, విప్పకపోతే జనం దగ్గర ఓట్లు పోతాయి. సంస్కర్తలకు నిజమైన ఇరుకు ఇక్కడే.

'కనీసం ఇంత పోలింగ్ జరగాలి' అన్న షరతు గురించి చాలామంది మంచి మనసుతోనే పొరబడతారు. వందమంది ఓటర్లలో కనీసం 50 మంది ఓటేస్తేనే చెల్లుతుందనుకుందాం. 42 మంది అనుకూలం, 15 మంది వ్యతిరేకం, మిగతా 43 మందికి పట్టదు. అందరూ తమ ఓటు వేస్తే వచ్చేది 57 మంది, 42–15తో నెగ్గుతుంది. ఆ 15 మందీ ఇంట్లో కూర్చుంటే వచ్చేది 42 మందే, రిఫరెండం చెల్లదు. పదిహేను మంది కదలకుండా నలభై రెండు మందిని ఓడించారు. ఇంకో కీడు కూడా ఉంది. వ్యతిరేకులు బహిష్కరణకు పిలుపిచ్చాక బూత్‌కు వెళ్లిన ప్రతివాడూ 'అవును' మనిషేనని వీధంతా తెలిసిపోతుంది, రహస్య ఓటు అనేదే ఉండదు. 2018లో రుమేనియాలో కుటుంబ నిర్వచనం మీద పెట్టిన ఓటింగ్‌లో పడిన ఓట్లలో 90 శాతానికి పైగా 'అవును'. కావాల్సిన పోలింగ్ 30 శాతం, వచ్చింది 21. చెల్లలేదు. భారత్‌లో 1978 నాటి 45వ సవరణ బిల్లు మౌలిక లక్షణాల మార్పుకు రిఫరెండం ప్రతిపాదించినప్పుడు 51 శాతం పోలింగ్ షరతు పెట్టింది. లోక్‌సభ ఒప్పుకున్నా రాజ్యసభ ఆ నిబంధన తీసేసింది. ఐరోపా మండలికి రాజ్యాంగ సలహాలిచ్చే వెనిస్ కమిషన్ పోలింగ్ శాతం షరతు వద్దనే చెబుతోంది.

కనీస మద్దతు షరతు వేరు. డెన్మార్క్‌లో సవరణకు ఓటేసినవారిలో మెజారిటీతో పాటు, మొత్తం ఓటర్లలో 40 శాతం 'అవును' అనాలి. పై లెక్కలో 42 మంది అనుకూలురున్నారు. ఆ 15 మంది వచ్చినా రాకపోయినా ఫలితం మారదు. ఏదో ఒక షరతు తప్పదంటే ఇదే నయం అంటాను. అంకె ఎంత ఉండాలన్నది మాత్రం జాగ్రత్తగా తేల్చాలి. అక్కడే 1939లో ఆ గీత 45 శాతం ఉండేది. ఓటేసినవారిలో దాదాపు 92 శాతం అవునన్నారు, అయినా మొత్తం ఓటర్లలో అది 44.46 శాతమే అయింది. అర శాతం తక్కువై సంస్కరణ పోయింది. 1953లో 45.76 శాతంతో బొటాబొటిగా గట్టెక్కి, ఆ కొత్త రాజ్యాంగంలోనే గీతను 40కి దించారు.

ఎవరు ఓటేస్తారన్నది కూడా ముందే చూసుకోవాలి. చిలీలో 2020లో కొత్త రాజ్యాంగం కావాలా అంటే 78 శాతం కావాలన్నారు. అప్పుడు ఓటు వేయడం ఐచ్ఛికం, సగం మందే వచ్చారు. ముసాయిదా రాసే సభ సభ్యులను 2021లో ఎన్నుకున్నప్పుడు సగం కూడా రాలేదు. 2022 సెప్టెంబరు 4న, 388 అధికరణల ముసాయిదా మీద తీర్పు చెప్పేటప్పుడు ఓటు తప్పనిసరి చేశారు. పోలింగ్ 85 శాతం దాటింది, 62 శాతం తిరస్కరించారు. రాసేవాళ్లను పంపిన ఓటరు వేరు, తీర్పు చెప్పిన ఓటరు వేరు. సభలో బలం చూసుకుని రాసిన ముసాయిదా, సభలో కనబడని జనం ముందుకు వెళ్లింది. 2023లో ఈసారి కుడిపక్షం ఆధిపత్యంలో మరో ముసాయిదా రాశారు, అదీ 56 శాతంతో ఓడింది. ఎవరి బలం ఎక్కువుంటే వాళ్లు తమకు నచ్చినట్టు రాసుకోవడం రెండుసార్లూ జరిగింది.

గెలిచిన చోట్ల ఏం జరిగిందో కూడా చెప్పాలి. స్విట్జర్లాండ్‌లో 1959లో మహిళలకు ఓటు హక్కు ప్రతిపాదన పెడితే, ఓటేసినవారిలో (అప్పటికి ఓటు హక్కు పురుషులకే ఉంది) 67 శాతం వద్దన్నారు. 1971లో 66 శాతం సరేనన్నారు. మధ్యలో వో, నుషాటెల్, జెనీవా వంటి క్యాంటన్లు (అక్కడి రాష్ట్రాలు) తమ పరిధిలో మహిళలకు ఓటు ఇచ్చి చూపించాయి. పన్నెండేళ్లు కళ్లతో చూశాక భయం పోయింది. న్యూజిలాండ్ ఎన్నికల పద్ధతి మార్చడానికి రెండంచెల దారి పట్టింది. 1992లో మార్పు కావాలా, మారిస్తే నాలుగింటిలో ఏది అని అడిగారు; 85 శాతం మార్పు కోరారు, రెండో ప్రశ్నకు జవాబిచ్చినవారిలో 70 శాతం ఒకే పద్ధతిని ఎంచుకున్నారు. దాన్ని చట్టంగా పూర్తిగా రాసి, 1993లో పాతదా కొత్తదా అని రెండోసారి అడిగారు. మెజారిటీ 54 శాతానికి తగ్గింది కానీ నెగ్గింది. వివరాలు బయటికొచ్చాక మద్దతు ఎంత తరుగుతుందో ఆ రెండు అంకెల మధ్య దూరం చెబుతుంది. మొదట్లో 60 శాతం మద్దతు చూసి ధైర్యపడేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఓటర్లకు సమాచారం ఎవరిస్తారన్నది చివరిది, పత్రికలకు దగ్గరి సంగతి. ఐర్లాండ్ సుప్రీంకోర్టు 1995లో ప్రభుత్వం ప్రజల సొమ్ముతో ఒక పక్షానికే ప్రచారం చేయకూడదని తీర్పిచ్చింది. ఆ వెంటనే జరిగిన విడాకుల రిఫరెండం దాదాపు 9 వేల ఓట్ల తేడాతో నెగ్గింది. ఆస్ట్రేలియాలో రెండు పక్షాల వాదనలు, చెరి రెండు వేల పదాలకు మించకుండా, పోలింగ్‌కు కనీసం 14 రోజుల ముందు ఇంటింటికీ అందాలి. ఆ వాదనలను బిల్లుకు అనుకూలంగా, వ్యతిరేకంగా ఓటేసిన ఎంపీలే ఖరారు చేస్తారు, వాటిలో నిజానిజాలు ఎవరూ సరిచూడరు.

కాబట్టి పత్రికలకు నా విన్నపం ఒకటే. ఎక్కడ ఏ రిఫరెండం గురించి రాసినా నాయకుల మాటలకు, సర్వేలకు ముందు ఒక పెట్టె కట్టండి. అందులో ఎడమవైపు రాజ్యాంగంలో ఇప్పుడున్న వాక్యం, కుడివైపు ప్రతిపాదించిన వాక్యం, మారిన పదాలు ముద్దక్షరాల్లో, కింద నెగ్గడానికి ఎన్ని ఓట్లు, ఎన్ని రాష్ట్రాలు కావాలో, ఓడితే ఏ వాక్యం అమల్లో ఉంటుందో. పోలింగ్ నెల రోజులుందనగా ఒకసారి, వారం ఉందనగా మరోసారి అదే పెట్టెను మళ్లీ వేయండి.

ఇట్లు,
రాజ్యాంగ శాస్త్ర అధ్యాపకుడు